ఓడిపోయినవాళ్ళకి ఎనిమిది సీట్లు: మారిషస్ లెక్క

మతాలుగా, జాతులుగా చీలిన దేశంలో ఎన్నికలు ఎలా పెట్టాలన్న చర్చ వస్తే మనవాళ్ళు లెబనాన్ దగ్గరో శ్రీలంక దగ్గరో ఆగిపోతారు. ఏం చేయకూడదో తెలుసుకోడానికి ఆ రెండూ చాలు. కానీ లోపాలతోనే అయినా అర్ధ శతాబ్దం దాటి నడుస్తున్న ఏర్పాటు చూడాలంటే మారిషస్ చూడాలి. అక్కడి ఎన్నికల చట్టంలో ‘బెస్ట్ లూజర్’ అనే పద్ధతి ఒకటుంది. ఓడిపోయిన అభ్యర్థుల్లోంచి కొందర్ని, వాళ్ళ కమ్యూనిటీని బట్టి సభలోకి తీసుకుంటారు. వినగానే నవ్వొస్తుంది. లెక్క చూశాక నవ్వు కాస్త తగ్గుతుంది.

ముందు దేశం సంగతి. జనాభా పన్నెండున్నర లక్షలు, అంటే మన మధ్యరకం జిల్లా కన్నా తక్కువ. మూలవాసులంటూ ఎవరూ లేరు. ఫ్రెంచివాళ్ళు వచ్చారు, ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసల్ని తెచ్చారు. బానిసత్వం రద్దయ్యాక బ్రిటిష్‌వాళ్ళు చెరకు తోటలకి భారతదేశం నుంచి కూలీల్ని దింపారు. వాళ్ళలో ఎక్కువమంది భోజ్‌పురి మాట్లాడే బీహారీలు. తమిళులు, మరాఠీలు, తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. మనవాళ్ళు కాకినాడ దగ్గరి కోరంగి రేవు మీదుగా ఓడెక్కారు కాబట్టి అక్కడ వాళ్ళకి ‘కోరంగీలు’ అన్న పేరు పడింది. ఇక ముస్లింలు, చైనా నుంచి వచ్చిన వర్తకులు. ‘ఇది మా నేల, మీరు వలస వచ్చారు’ అనే హక్కు ఎవరికీ లేకపోవడం మారిషస్ అదృష్టాల్లో మొదటిది. చాలామంది దీన్ని లెక్కలోకి తీసుకోరు. పసిఫిక్ ద్వీప దేశం ఫిజీలో లేనిది ఇదే, దాని సంగతి తర్వాత.

స్వాతంత్ర్యం దగ్గరపడేసరికి అందరికీ భయమే. స్వాతంత్ర్యం వస్తే సగానికి పైగా ఉన్న హిందువులదే శాశ్వత రాజ్యమని క్రియోల్‌లు (బానిసల వారసులు), తెల్లవాళ్ళు భయపడ్డారు. ముస్లిం పార్టీ తమకి వేరే ఓటర్ల జాబితా కావాలంది, అంటే ముస్లింల సీట్లకి ముస్లింలే ఓటేయాలని. 1965లో లండన్‌లో రాజ్యాంగ చర్చలు, 1966లో బాన్‌వెల్ కమిషన్. వేరే జాబితా కుదరదని కమిషన్ తేల్చి, తక్కువ పడిన వర్గాలకి సర్దుబాటు సీట్లిచ్చే సూత్రం ఒకటి ప్రతిపాదించింది. అది చాలామందికి నచ్చలేదు. బ్రిటిష్ మంత్రి జాన్ స్టోన్‌హౌస్ వచ్చి కూర్చుని బేరం కుదిర్చాక మిగిలింది ఈ బెస్ట్ లూజర్ పద్ధతి. 1967 ఆగస్టు ఎన్నికల్లో స్వాతంత్ర్యం కావాలన్న కూటమికి 39 సీట్లొస్తే, వద్దన్న పార్టీకి 23 వచ్చాయి. అంటే నూటికి నలభైమందికి పైగా స్వతంత్ర దేశమే వద్దన్నారు. 1968 జనవరిలో పోర్ట్ లూయిస్‌లో క్రియోల్‌లకి, ముస్లింలకి మధ్య అల్లర్లు జరిగి బ్రిటిష్ సైన్యం దిగింది. మార్చి 12న జెండా ఎగిరింది. ఈ పరిస్థితిలో పుట్టిన ఏర్పాటుని అందంగా లేదని తప్పుపట్టడం సులువే.

ఇప్పుడు లెక్క. ప్రధాన ద్వీపంలో 20 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ముగ్గురు సభ్యులు. రోడ్రిగ్స్ అనే చిన్న ద్వీపం 21వది, దానికి ఇద్దరు. మొత్తం 62. ప్రధాన ద్వీపంలో ఓటరు బ్యాలెట్ మీద ముగ్గురికి గుర్తు పెట్టాలి. ఒక్కరికే వేసి వచ్చేస్తానంటే ఆ ఓటు చెల్లదు. ఈ చిన్న నిబంధన పని పెద్దది. తన కులంవాడికో మతంవాడికో ఒక ఓటు వేసుకున్నా, మిగతా రెండూ ఎవరికో వేయక తప్పదు. పార్టీ కూడా ముగ్గురిని కలిపి నిలబెట్టాలి. ముస్లింలు పాతిక శాతమున్న చోట ముగ్గురిలో ఒక ముస్లింని పెట్టని పార్టీకి మిగతా ఇద్దరి ఓట్లూ తగ్గుతాయి. చట్టంలో ఎక్కడా రాయని కోటా అలా టికెట్ల దగ్గరే మొదలవుతుంది.

నామినేషన్ వేసేటప్పుడు ప్రతి అభ్యర్థీ తన కమ్యూనిటీ ప్రకటించాలి. రాజ్యాంగం మొదటి షెడ్యూలు నాలుగింటినే గుర్తిస్తుంది: హిందూ, ముస్లిం, సైనో-మారిషన్ అంటే చైనా మూలాలవాళ్ళు, జనరల్ పాపులేషన్. చివరిదానికి నిర్వచనం విచిత్రంగా ఉంటుంది. ‘జీవన విధానాన్ని బట్టి’ మొదటి మూడింటిలో చేరరని అనిపించే ప్రతివాళ్ళూ జనరల్ పాపులేషనే. కాబట్టి బానిసల వారసులైన క్రియోల్‌లు, ఆ బానిసల్ని కొన్న తోటల యజమానుల వారసులు ఒకే గడిలో ఉంటారు. అభ్యర్థి ప్రకటన తప్పని ఓటరు సవాలు చేయొచ్చు. సుప్రీంకోర్టులో ఒక్క జడ్జి విని తేలుస్తాడు, దాని మీద అప్పీలు లేదు. జీవన విధానం అంటే తిండా, బట్టా, పెళ్ళా, పూజా? షెడ్యూల్లో ఒక్క ముక్క లేదు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా గమనించాలి. ముద్ర పడేది అభ్యర్థి మీదే. ఓటరుని ఏ గడిలోనూ పెట్టరు. జాబితా ఒకటే, ఎవరు ఎవరికైనా వేయొచ్చు. 62 సీట్లూ మామూలు పోటీలో తేలిపోయాకే కమ్యూనిటీ లెక్క మొదలవుతుంది. గెలిచినవాడి సీటు ఎవరూ లాక్కోరు, పైన కొత్త సీట్లు కలుపుతారు. అవి గరిష్ఠంగా ఎనిమిది. వాటిని పంచేది ఎన్నికల పర్యవేక్షణ సంఘం. ఆ పని అంకెల మీదే నడుస్తుంది, ఎవరి దయాదాక్షిణ్యాలూ ఉండవు.

పద్ధతి ఇదీ. ప్రతి కమ్యూనిటీ జనాభాని, దానికి ఇప్పటికే ఉన్న సీట్లకి ఒకటి కలిపి, ఆ సంఖ్యతో భాగించాలి. ఎవరి భాగఫలం ఎక్కువైతే సీటు వాళ్ళది. ఒక సీటు ఇచ్చాక మళ్ళీ లెక్క కట్టాలి. 1972 నిష్పత్తులకి దగ్గరగా, ఉదాహరణ కోసం గుండ్రం అంకెలు తీసుకుందాం. వెయ్యిలో హిందువులు 510, జనరల్ 300, ముస్లింలు 160, చైనీయులు 30. గెలిచిన 62 మందిలో హిందువులు 38, జనరల్ 15, ముస్లింలు 8, చైనీయుడు ఒక్కడు అనుకుందాం. హిందువులకి 510ని 39తో భాగిస్తే 13.1. జనరల్‌కి 300ని 16తో భాగిస్తే 18.75. ముస్లింలకి 160ని 9తో భాగిస్తే 17.8. చైనీయులకి 30ని 2తో భాగిస్తే 15. మొదటి సీటు జనరల్‌కి పోయింది. వాళ్ళకిప్పుడు 16 సీట్లు కాబట్టి 300ని 17తో భాగించాలి, 17.6. రెండోది ముస్లింలకి. వాళ్ళ అంకె 16కి దిగింది. మూడోది జనరల్‌కి (17.6), నాలుగోదీ జనరల్‌కే (16.7). హిందువుల అంకె 13 దగ్గరే నిలబడి ఉంది. ఎన్నికల్లో వాళ్ళకి దామాషా కంటే ఎక్కువే దక్కింది కాబట్టి వాళ్ళ వంతు రాదు.

ఈ సూత్రంలో చైనీయుల అంకె చూడండి. ఒక్కరూ గెలవకపోతే వాళ్ళ భాగఫలం 30ని ఒకటితో భాగించినట్టు, అంటే 30. మిగతా అందరికన్నా చాలా పైన. మొదటి సీటు నేరుగా వాళ్ళదే. నూటికి మూడుపాళ్ళ జనానికి సభలో కనీసం ఒక గొంతు ఖాయమన్నమాట, ఓడిపోయిన చైనా మూలాల అభ్యర్థి ఏదో ఒక పార్టీలో ఉంటే చాలు. ఆ ‘పార్టీలో ఉంటే’ అన్నది ముఖ్యం. స్వతంత్ర అభ్యర్థికి బెస్ట్ లూజర్ సీటు రాదు.

సీటు కమ్యూనిటీకి వచ్చింది సరే, మనిషి ఎవరు? ఆ కమ్యూనిటీలో ఓడిపోయినవాళ్ళలో తన నియోజకవర్గంలో అత్యధిక ఓట్ల శాతం తెచ్చుకున్నవాడు. శాతమే చూస్తారు, ఓట్ల సంఖ్య చూడరు, ఎందుకంటే నియోజకవర్గాల సైజుల్లో తేడా రెట్టింపుకి పైనే ఉంటుంది. అందుకే నాలుగో స్థానంలో కొద్ది తేడాతో ఓడినవాడు ఫలితాల రోజు ఇంటికి పోడు. లెక్క అయ్యేదాకా అక్కడే ఉంటాడు.

మొదటి నాలుగు సీట్లు పార్టీతో సంబంధం లేకుండా ఇస్తారు. అక్కడే ఆపితే పేచీ. గెలిచిన పార్టీకి ఓడినవాళ్ళు తక్కువగా ఉంటారు కాబట్టి ఆ నాలుగూ ఎక్కువగా ప్రతిపక్షానికే పోతాయి. అతి తక్కువ మెజారిటీతో గెలిచిన ప్రభుత్వం ఒక లెక్కతో పడిపోవచ్చు. అందుకని రెండో నాలుగు సీట్లు పార్టీల బలాబలాల్ని మళ్ళీ మొదటికి తెస్తాయి. మొదటి నాలుగులో ఎన్ని ఇతర పార్టీలకి పోయాయో, అన్ని సీట్లు వీలైనంతవరకు గెలిచిన పార్టీకి ఇస్తారు, అదీ తగిన కమ్యూనిటీవాళ్ళు దొరికితే ముందు వాళ్ళకి. 1967లో సరిగ్గా ఇదే జరిగింది. 39కి నాలుగు, 23కి నాలుగు కలిసి 43, 27 అయ్యాయి. తేడా పదహారు, ముందూ వెనకా అంతే. కమ్యూనిటీల తూకం సరిచేస్తూ ప్రభుత్వం తూకం చెడగొట్టకుండా ఆపే ఈ రెండో సగమే ఈ ఏర్పాటులో అసలు తెలివి. దీన్ని మెచ్చుకునేవాళ్ళు తక్కువ, ఎందుకంటే వివరించడం కష్టం.

ఇక చెడిన చోటు. మొదట్లో ‘తాజా జనగణన’ అని ఉండేది. 1982లో వామపక్ష ధోరణి ఉన్న కూటమి ఊడ్చిపెట్టేసి గెలిచింది. మనుషుల్ని ఈ గళ్ళలో లెక్కపెట్టడం మానేద్దామని జనగణనలోంచి కమ్యూనిటీ ప్రశ్న తీసేసింది. కానీ బెస్ట్ లూజర్ పద్ధతి రద్దు చేయలేదు. రెండూ కలవవు కదా, అందుకని రాజ్యాంగాన్ని సవరించి ‘1972 జనగణన’ అని గట్టిగా రాసేశారు. ఆ రోజు ఉన్న జనం నిష్పత్తిలోనే నేటికీ సీట్లు పంచుతున్నారు. లెబనాన్‌లో జనగణన 1932 దగ్గర ఆగిపోయింది. మన లోక్‌సభలో రాష్ట్రాల వాటాలు 1971 దగ్గర ఆగిపోయాయి. వాటిని కదిపితే తెలుగు రాష్ట్రాలకి ఏమవుతుందన్న గొడవ అందరికీ తెలిసిందే. లెక్క ఆపేసిన ప్రతి చోటా కారణం ఒకటే, కొత్త అంకె వస్తే ఎవరో ఒకరు తగ్గుతారు. మారిషస్‌లో అదనపు తంటా ఏమిటంటే, కొత్త అంకె కావాలన్నా ఇప్పుడు లేదు. జనగణనలో మతం అడుగుతారు, పూర్వీకుల భాష అడుగుతారు. ఆ నాలుగు గళ్ళూ మాత్రం అడగరు. క్రియోల్‌కీ, తమిళ క్రైస్తవుడికీ, తెల్లవాడికీ మతం గడిలో ఒకటే జవాబు ఉండొచ్చు.

రెండో చోటు అభ్యర్థి ప్రకటన. ‘నేను మారిషన్‌ని, అంతే’ అన్న అభ్యర్థి నామినేషన్ చెల్లదు. రెజిస్తాన్స్ ఎక్ ఆల్తెర్నతివ్ అనే చిన్న వామపక్ష పార్టీ 2005 నుంచి దీని మీదే పోరాడింది. స్థానిక కోర్టుల్లో చివరికి లాభం లేకపోయింది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి వెళ్ళారు. 2012లో కమిటీ అన్నది జాగ్రత్తగా చదవాలి. మైనారిటీలకి సీట్లివ్వడం తప్పని అనలేదు. దశాబ్దాలుగా జనాభా లెక్కే కట్టకుండా అభ్యర్థిని మాత్రం నీ గడి చెప్పు అని బలవంతపెట్టడం నిరంకుశమంది. 2014 ఎన్నికలకి మాత్రం తాత్కాలిక చట్టం చేసి ప్రకటన ఐచ్ఛికం చేశారు. ప్రకటించనివాళ్ళు అదనపు సీటు ఆశ వదులుకున్నట్టే. నాకు సరైన దారి అదే అనిపిస్తుంది. కానీ 2019కి పాత నియమం తిరిగొచ్చింది, ప్రకటించనివాళ్ళ నామినేషన్లు మళ్ళీ కొట్టేశారు. బోస్నియాలో ఇంతకన్నా ఘోరం. అక్కడ ముగ్గురు అధ్యక్షుల్లో ఒకరు బోస్నియాక్, ఒకరు సెర్బు, ఒకరు క్రోయట్ అయ్యుండాలి. యూదుడికో రోమాకో (జిప్సీకో) పోటీ చేసే దారే లేదు. అది వివక్షేనని 2009 డిసెంబరు 22న యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తీర్పిచ్చింది. ఆ రాజ్యాంగం ఇంకా మారలేదు.

మనవాళ్ళ సంగతికొద్దాం. మారిషస్‌లో తెలుగువాళ్ళు జనాభాలో రెండు మూడు శాతం, అంటే సుమారు చైనీయులంత. చైనీయులకి సొంత గడి ఉంది, తెలుగువాళ్ళకి లేదు. తమిళులూ మరాఠీలూ తెలుగువాళ్ళూ ‘హిందూ’లో కలిసిపోతారు. ఆ గడికి బెస్ట్ లూజర్ సీటు రావడం అరుదు. జనగణనలో మతం గడిలో ‘తెలుగు’ అని రాయించుకునేవాళ్ళు ఉన్నారంటే, ఈ కలిపేయడం వాళ్ళకి ఎంత నచ్చలేదో తెలుస్తుంది. సభలో యంత్రం పనిచేయని చోట పని వేరే దారుల్లో జరుగుతుంది. ఉగాదికి జాతీయ సెలవు, ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు, చట్టం కింద ఏర్పడిన తెలుగు స్పీకింగ్ యూనియన్, ఆంధ్ర మహాసభ, పార్టీలు ఇచ్చే టికెట్లు. ఇవన్నీ బేరంతో వచ్చినవే, ఏ భాగఫలమూ ఇచ్చినవి కావు. బేరం చెడితే ఏమవుతుందో తమిళులు 1998లో చూపించారు. కొత్త నోట్ల మీద తమిళ లిపికి ఉన్న రెండో స్థానం హిందీకి ఇచ్చి తమిళాన్ని మూడోదానికి దించారు. వీధుల్లోకొచ్చారు. ప్రభుత్వం ఆ నోట్లని వెనక్కి తీసుకుని పాత వరసలోనే మళ్ళీ అచ్చేసింది.

నిజానికి ఈ ఎనిమిది సీట్లు మారిషస్ శాంతిని కాపాడుతున్నాయనడం అతిశయోక్తి. ఎక్కువ పని చేసేది టికెట్ల పంపకం, ముగ్గురేసి సభ్యుల నియోజకవర్గం, ఎవరూ బయటికి చెప్పని సైజుల తేడా. పోర్ట్ లూయిస్‌లో ముస్లింలు ఎక్కువగా ఉన్న 3వ నియోజకవర్గం ఓటర్ల సంఖ్యలో చాలా చిన్నది. దక్షిణాన సవాన్-బ్లాక్ రివర్ అన్న 14వది దానికి రెట్టింపు దాటింది. ఒక మనిషికి ఒకే విలువ అన్న సూత్రం ప్రకారం ఇది తప్పు. సరిచేస్తే ముస్లింలకి ఖాయంగా వచ్చే సీట్లు కరిగిపోతాయి. సరిహద్దుల కమిషన్లు వస్తున్నాయి, పోతున్నాయి, 3వ నెంబరు అలాగే ఉంది. బెస్ట్ లూజర్ ఎందుకంటే, టికెట్ల దగ్గర అన్యాయం జరిగినా చివర్లో ఒక లెక్క ఉందన్న ధైర్యం కోసం. అది ఉందని తెలిసినవాడు వేరే ఓటర్ల జాబితా అడగడు.

ఫిజీ ఆ జాబితాలతోనే నడిచి చూసింది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా వెళ్ళిన తెలుగువాళ్ళ వారసులు అక్కడా ఉన్నారు. 1997 రాజ్యాంగంలో 71 సీట్లలో 46 జాతుల వారీ జాబితాలవి, 25 మాత్రమే అందరివీ. జాతి జాబితాలో నిలబడినవాడికి అవతలివాడి ఓటు అక్కర్లేదు. కాబట్టి తనవాళ్ళ దగ్గర ఎంత గట్టిగా అరిస్తే అంత లాభం. ఆ రాజ్యాంగం కింద 1999లో భారతీయ మూలాల మహేంద్ర చౌదరి ప్రధాని అయ్యారు, 2000 మేలో తిరుగుబాటు చేసి ఆ ప్రభుత్వాన్ని కూల్చేశారు. జాబితాలే కారణం అనను. ఎనభై శాతానికి పైగా భూమి స్థానిక ఫిజీ తెగల చేతిలో ఉండి, దాన్ని కౌలుకి దున్నేది భారతీయులైన చోట ఏ ఎన్నికల సూత్రానికైనా కష్టమే. 2013 రాజ్యాంగం ఆ జాబితాలన్నీ తీసేసింది.

మారిషస్‌లోనూ తీసేద్దామనేవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు. 2002లో దక్షిణాఫ్రికా జడ్జి ఆల్బీ సాక్స్ నాయకత్వంలోని కమిషన్ దామాషా సీట్లు, అంటే ఓట్ల శాతాన్ని బట్టి ఇచ్చే సీట్లు కలపమంది. కలపాల్సిన కారణం 60-0. ప్రధాన ద్వీపంలోని అరవై సీట్లూ ఒకే కూటమికి పోవడం 1982లో, 1995లో, మళ్ళీ 2024లో జరిగింది. మూడుసార్లూ వాళ్ళకొచ్చిన ఓట్లు సుమారు 60 నుంచి 65 శాతమే. అలాంటప్పుడు బెస్ట్ లూజర్ సూత్రం ఎవరూ అనుకోని పని చేస్తుంది. గెలిచిన కూటమిలో ఓడినవాళ్ళు లేరు కాబట్టి రెండో నాలుగు సీట్లు ఖాళీగా పోతాయి. సభ 70కి బదులు 66 దగ్గర ఆగుతుంది. రోడ్రిగ్స్ ఇద్దర్ని పక్కన పెడితే మొదటి నాలుగే మిగిలిన ప్రతిపక్షం. 2024 తర్వాత ప్రతిపక్ష నాయకుడైన జో లెజోంగార్ అలా వచ్చినవాడే. ఓడిన ప్రధాని ప్రవింద్ జగ్‌నాథ్‌కి ఆ దారి లేదు, హిందువుల భాగఫలం సాధారణంగా అడుగునే ఉంటుంది కాబట్టి. ప్రతిపక్షంలో ఎవరుండాలో ఓటరు కాకుండా 1972 జనాభా తేలుస్తున్నట్టయింది.

అందుకే మార్చాలంటే వరస ముఖ్యం. ముందు ఓట్ల శాతాన్ని బట్టి సీట్లిచ్చే జాబితా తేవాలి. ఆ జాబితాలో పేర్ల వరసని పార్టీ ఎన్నికల ముందే ప్రకటించాలి. ఎవర్ని ఎక్కడ పెట్టారో చైనీయులకీ ముస్లింలకీ క్రియోల్‌లకీ ముందే కనిపించాలి. గెలిచాక నాయకుడు తోచినవాళ్ళని దింపే వీలుంటే పాత లెక్కే మేలు. కొత్త సీట్లు పన్నెండు కన్నా తక్కువైతే 60-0 రోజున వాటితో ప్రతిపక్షం నిలబడదు. బెస్ట్ లూజర్‌ని వెంటనే కొట్టేయకుండా, 2014లోలాగా ప్రకటన ఐచ్ఛికం చేసి ఒకటి రెండు ఎన్నికలు పక్కనే నడవనివ్వాలి. రాజ్యాంగంలోని ఈ భాగాన్ని సవరించడానికి మొత్తం సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మద్దతు కావాలి. 66 మంది సభలో అది 50 ఓట్లు. మామూలు ప్రభుత్వాలకి అంత బలం ఉండదు. అంత బలం ఇచ్చేది 60-0 ఫలితమే. ఆ బలమున్నవాళ్ళకేమో ఇప్పటి పద్ధతే లాభం.